పాప ఖోఖో ఆడతా ఉంది, 9వ తరగతిలో మానిపించమంటున్నారు.. ఏం చేద్దాం?

రేణిగుంట_నాన్న:

అందరికీ నమస్తే. పోస్టు పెద్దది, టైమ్ ఉన్నోళ్ళే చదవండి. మాది రేణిగుంట, తిరుపతిలో చిన్న ఆటో స్పేర్స్ షాపు. మా పెద్దపాపకి పదమూడు నిండాయి, 8వ తరగతి, తిరుపతిలో ఒక ప్రైవేట్ స్కూల్ (పేరు వద్దులే). మొదట్లో ఊరికే వీధిలో పిలకాయలతో దుముకుతా ఉండేది, 6వ తరగతిలో పీఈటీ (ఆటల టీచర్) మేడమ్ చూసి ఖోఖో టీమ్‌లో వేసుకునింది. ఇప్పుడు పొద్దున ఆరు నుంచి ఏడున్నర, మళ్ళీ సాయంత్రం గంటన్నర, ఆదివారం కూడా ఒక్కోసారి రమ్మంటారు. పోయిన సంవత్సరం మండలం దాటి జిల్లా సెలెక్షన్స్ దాకా పోయింది, ఆడ పేరు రాలా. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, మూడో రోజు నేను లేచేసరికి షూ వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

ఇప్పుడు సమస్య ఏందంటే 9వ తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్ అంట, దానికి పొద్దున ఆరున్నరకే స్టడీ అవర్. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో "ఆటలా చదువా మీరే తేల్చుకోండి సార్" అన్నారు. మార్కులేం ఘోరంగా లేవు, లెక్కల్లో మాత్రం కొంచెం తగ్గింది. ఇంట్లో మా అమ్మేమో వయసొచ్చిన పిల్ల నిక్కరేసుకుని గ్రౌండ్‌లో పరిగెత్తడమేంది అంటది, మా అత్తకి ఎండకి నల్లబడి పోతుందని దిగులు. మా ఆవిడ ఏమీ అనదు, గమ్మున అయిదుకి లేచి రాగిజావ కాస్తుంది, అదే ఆమె ఓటు అనుకుంటా. దీనికి తోడు ఈ నెలలో మోకాలి కింద నొప్పి అంటా ఉంది, సాయంత్రానికి బాగా నీరసపడుతోంది.

నేను చదువుకునే రోజుల్లో గేమ్స్ పీరియడ్ అంటే లెక్కల సార్ వచ్చి సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్, కాబట్టి నాకు దీంట్లో ఓనమాలు తెలీవు. అడిగేది ఒకటే. నేషనల్స్ దాకా పోకపోతే, దాంతో ఉద్యోగం రాకపోతే, ఈ ఆట వల్ల బిడ్డకి నిజంగా ఏమన్నా ఉంటుందా, లేకపోతే ఆడేవాళ్ళు మనసుకి సర్దిచెప్పుకునే మాటలా ఇవి? ఆడినోళ్ళు, ఆడించినోళ్ళు చెప్పండి.

కోటా_కుమార్:

అన్నా మానిపించొద్దు. స్పోర్ట్స్ కోటా ఉంది కదా, రాష్ట్రంలో కొత్త స్పోర్ట్స్ పాలసీలో గవర్నమెంట్ ఉద్యోగాలకి 2 శాతం ఉండేది 3 శాతం చేశారు. రైల్వేలో కూడా తీసుకుంటారు. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకంలో సెలెక్ట్ అయితే నెలకి పదివేలు చేతికిస్తారు, ట్రైనింగ్ ఖర్చు అదీ కలిపి సంవత్సరానికి 6.28 లక్షలు లెక్క. సర్టిఫికెట్లన్నీ జాగ్రత్తగా లామినేషన్ చేయించి పెట్టు.

చంద్రగిరి_పీఈటీ:

కుమార్ చెప్పింది తప్పు కాదు గానీ ఆ లెక్క పెట్టుకుని ఎవరూ పిల్లల్ని గ్రౌండ్‌కి పంపొద్దని నేను దండం పెట్టి చెప్తా. గవర్నమెంట్ హైస్కూల్‌లో పీఈటీగా పద్దెనిమిదేళ్ళ నుంచి చేస్తా ఉన్నా. ఖోఖోలో టీమ్ అంటే పన్నెండు మంది, ఉమ్మడి చిత్తూరు జిల్లా మొత్తం మీద అండర్ 14లో ఆడపిల్లలు పన్నెండు మందే. కుప్పం నుంచి సత్యవేడు దాకా ఎన్ని స్కూళ్ళున్నాయో ఆలోచించండి. నా చేతి కింద ఆడిన పిల్లల్లో స్టేట్ ఆడినోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, నేషనల్స్ ఇద్దరే. మిగిలినోళ్ళంతా ఓడిపోయినట్టా మరి? అట్లయితే నా ఉద్యోగమే దండగ.

సార్ అడిగిన దానికి వస్తా. వీధిలో ఆడుకోవడం వేరు, టీమ్‌లో ఆడటం వేరు. వీధిలో అలిగితే ఇంటికి పోవచ్చు, బ్యాట్ నాదంటే మొదటి బ్యాటింగ్ నాదే. టీమ్‌లో అట్ల కుదరదు. అందులోనూ ఖోఖో సంగతి బయటోళ్ళకి తెలీదు. ఎనిమిది మంది వరసగా కూర్చుంటారు, ఒకరు అటు మొహం ఒకరు ఇటు మొహం, తొమ్మిదో మనిషి తరుముతుంది. కూర్చున్న పిల్ల కళ్ళ ముందే రన్నర్ అడుగు దూరంలో పోతా ఉంటుంది, చెయ్యి చాపితే అందుతుంది, అయినా వెనక నుంచి వీపు మీద చెయ్యి పడి "ఖో" వినపడే దాకా లేవకూడదు, లేస్తే ఫౌల్. లేచినాక ఒక వైపు తిరిగితే వరస చివర పాతిన కర్ర (పోల్) దాకా అటే పోవాల, మనసు మార్చుకోవడానికి లేదు. చిన్న పిల్లకి ఇది ఎంత కష్టమో మీరు ఒకసారి గ్రౌండ్ అంచున నిలబడి చూడండి, కొత్త పిల్లలు మొదటి నెలంతా ఫౌల్సే చేస్తారు. అదే పిల్ల ఆరు నెలలకి కాళ్ళు బిగపట్టి, కళ్ళు తిప్పకుండా, తన వంతు కోసం కూర్చుంటుంది. క్లాసులో నేను ఎన్ని గంటలు నీతి చెప్పినా అది రాదు.

ఇంకోటి, మీ పాప సెలెక్షన్‌లో పేరు రాక రెండు రోజులు అన్నం తినలేదన్నారే, మూడో రోజు షూ వేసుకుని నిలబడిందన్నారే, సార్ మీరు అడిగిన ప్రశ్నకి జవాబు మీ పోస్టులోనే ఉంది. పదమూడేళ్ళకి ఒకసారి గట్టిగా ఓడిపోయి, ఎవరూ బతిమాలకుండా మళ్ళీ పోయింది. మా స్కూల్లో టెన్త్‌లో ఒక సబ్జెక్ట్ పోతే ఇల్లు వదిలి పారిపోయిన పిలకాయల్ని చూశా నేను. ఓడిపోవడం అలవాటు లేని పిల్లలు వాళ్ళు, అంతకు ముందు ఎవరూ వాళ్ళని ఓడనివ్వలా.

అయితే ఒకటి. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర, ఆదివారం కూడా అంటే అది జాస్తి. నేనయితే ఎనిమిదో తరగతి పిల్లకి రెండు పూటలా పెట్టను, సెలెక్షన్స్ ముందు రెండు వారాలు తప్ప. మీరు ఆ మేడమ్‌తో ఒకసారి కూర్చుని మాట్లాడండి, ప్రాక్టీస్‌లో ఏం చేయిస్తారో అడగండి. వార్మప్ లేకుండా నేరుగా చేజింగ్‌కి దింపుతారంటే జాగ్రత్త పడండి. పిల్ల నొప్పి అని చెప్తే "నటిస్తా ఉంది" అనే కోచ్ అయితే ఆ కోచ్ వద్దు, ఎంత పెద్ద ప్లేయర్ అయినా సరే.

మెసానికల్_మురళి:

నేను వేరే మాట చెప్తా, తిట్టుకోవద్దు. మాది చిత్తూరు. మావాడిని పదేళ్ళకే క్రికెట్ అకాడమీలో వేశా. పొద్దున అకాడమీ, స్కూలు, మళ్ళీ అకాడమీ, ఆదివారం మ్యాచ్. ఫీజు ఒకటే అనుకుంటే పొరపాటు, కిట్టు, బ్యాట్ విరిగితే ఇంకో బ్యాటు, టోర్నమెంట్ ఎంట్రీ అని వేరే, ఆడేదానికి మదనపల్లె, అనంతపురం పోతే కారు ఖర్చు వేరే. రెండున్నరేళ్ళు. నెట్స్‌లో మావాడికి వారానికి ఎన్ని బాల్స్ దొరికేవో ఒక రోజు నిలబడి లెక్కపెట్టా, పెద్ద ఫీజు కట్టినోళ్ళ పిల్లలకి ముందు, మిగతావాళ్ళు ఫీల్డింగ్‌లో నిలబడి బాల్స్ ఏరుకోవాల. అండర్ 14 అంటా మీసాలొచ్చిన పిల్లోళ్ళని దింపేవాళ్ళు, అడిగితే బర్త్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. చివరికి మావాడే "నాయనా నాకొద్దు" అన్నాడు, ఆ తర్వాత ఏడాది బ్యాట్ ముట్టుకోలా. అంతకు ముందు మెసానికల్ గ్రౌండ్‌లో సాయంత్రం పొద్దుపోయేదాకా ఆడి, పిలిచినా ఇంటికి రానోడు.

అందుకే చెప్తా ఉన్నా, కోచింగ్, అకాడమీ, సెలెక్షన్ అని పెట్టేసరికి అది కూడా ఇంకో ట్యూషన్ అయిపోతుంది. ర్యాంకు బదులు స్కోరు, అంతే తేడా. ఆటలు మంచివే, కాదనేవాడు ఎవడు, కానీ దానికి ఇంత హంగామా ఎందుకు, ఆదివారం అలిపిరి మెట్లు ఎక్కిస్తే చాలదా? 3550 మెట్లు, ఒళ్ళు ఒళ్ళంతా వ్యాయామమే, పుణ్యం అదనం.

పద్మావతిపురం_ఫిజియో:

అలిపిరి మెట్లు మాట చూసి నవ్వొచ్చింది గానీ ముందు దానికే బ్రేకు వేస్తాను, ఎందుకో చెప్తా. రేణిగుంట సార్, మీ పాపకి నొప్పి మోకాలి చిప్ప కింద, ముందు వైపు ఎముక కొంచెం ఉబ్బెత్తుగా ఉండేచోట ఉందా? నొక్కితే నొప్పా? మెట్లు ఎక్కేటప్పుడు, దూకినప్పుడు, గొంతుకూర్చున్నప్పుడు ఎక్కువవుతోందా? అయితే అది పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు బాగా పరిగెత్తే, దూకే పిల్లల్లో మేము రోజూ చూసే సమస్య అయ్యుండొచ్చు. పేరు ఆస్గుడ్ ష్లాటర్. భయపడాల్సింది కాదు. ఎదిగే వయసులో తొడ కండరం స్నాయువు వచ్చి కాలి ఎముకకి అతుక్కునే చోట ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, కండరం పదే పదే లాగేసరికి అక్కడ వాచి నొప్పి పుడుతుంది. ఖోఖోలో కూర్చోవడం లేవడం, వంగి పరిగెత్తడం, పోల్ దగ్గర ఒక్కసారిగా తిరగడం, అన్నీ ఆ చోటుకే పడతాయి. సాధారణంగా ఎదుగుదల పూర్తయ్యేసరికి అదే తగ్గుతుంది, ఈలోపల భారం తగ్గించాలి, తొడ కండరాలు సాగదీసే ఎక్సర్‌సైజులు చేయాలి, ప్రాక్టీస్ తర్వాత ఐస్ పెట్టాలి. ఫోన్‌లో చదివి ఖాయం చేసుకోకండి, ఆర్థో డాక్టర్‌కి ఒకసారి చూపించండి. రాత్రిపూట నిద్రలోంచి లేపే నొప్పి అయినా, జ్వరం ఉన్నా, కుంటుతున్నా అస్సలు ఆలస్యం చేయొద్దు.

భారం ఎంత ఉండాలి అంటే పిల్లల డాక్టర్లు, మేము వాడే ఒక మోటు లెక్క ఉంది. వారానికి ప్రాక్టీస్ గంటలు పిల్ల వయసుని దాటకూడదు. పదమూడేళ్ళంటే పదమూడు గంటలు, అది కూడా గరిష్ఠం. మీరు చెప్పిన లెక్క ప్రకారం రోజుకి మూడు గంటలు, ఆరు రోజులకే పద్దెనిమిది అయిపోయింది, ఆదివారం ఇంకా కలపలేదు. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తిగా సెలవు ఉండాలి, సంవత్సరంలో రెండు మూడు నెలలు ఆ ఆట పక్కన పెట్టి వేరేది ఏదైనా ఆడుకోవాలి. పీఈటీ సార్ అన్నదీ ఇదే, జాస్తి అని.

మురళి గారి బాధ నాకు అర్థమైంది, అట్లాంటి పిల్లలు నా దగ్గరికీ వస్తారు, పన్నెండేళ్ళకే భుజం పాడైన ఫాస్ట్ బౌలర్లు. చిన్నప్పుడే ఒకే ఆటకి కట్టేయడం వల్ల దెబ్బలూ ఎక్కువ, విసుగూ ఎక్కువ. మన పక్క జిల్లా కడప అమ్మాయి శ్రీచరణినే చూడండి, 2025 నవంబర్‌లో వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో బౌలరు, ఆ అమ్మాయి చిన్నప్పుడు వేరే ఆటలు ఆడి పదహారేళ్ళకి గానీ సీరియస్‌గా క్రికెట్‌లోకి రాలేదు. కానీ దానికి మందు ఆదివారం పూట మెట్లెక్కడం కాదు. డబ్ల్యూహెచ్ఓ చెప్పేది 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి రోజుకి సగటున 60 నిమిషాలు ఊపిరి ఎగదన్నేంత కదలిక, వారంలో మూడు రోజులైనా ఎముకలకి, కండరాలకి పని పెట్టే ఆటలు. నిజాయితీగా చెప్పండి, 9వ తరగతి పిల్లకి టీమూ కోచూ టైమూ లేకుండా రోజూ గంటసేపు ఎవరు ఆడిస్తారు? మొదటి వారం మనమే తీసుకెళ్తాం, రెండో వారం పెళ్ళి, మూడో వారం వర్షం, నాలుగో వారానికి యూనిట్ టెస్ట్. టీమ్ ఉంటే మిగతా పదకొండు మంది ఎదురుచూస్తుంటారు కాబట్టి పోతుంది. ఆర్గనైజ్డ్ అనే మాటకి నాకు తెలిసిన అర్థం అదే.

ఇంకోటి ఆడపిల్లల సంగతి. ఒక మనిషి జీవితంలో ఎముకల్లో చేరే బలంలో దాదాపు 90 శాతం ఆడపిల్లల్లో 18 ఏళ్ళకే చేరిపోతుంది. ఆ తర్వాత ఉన్నది కాపాడుకోవడమే. నా దగ్గరికి యాభై దాటిన ఆడవాళ్ళు బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగి వస్తారు, వాళ్ళ ఎముకల కథ వాళ్ళ ఎనిమిదో తరగతిలో మొదలైంది అంటే ఎవరూ నమ్మరు. అంటే మనం సరిగ్గా పెద్దమనిషి అయ్యే వయసులో గ్రౌండ్ మానిపిస్తున్నాం, ఎప్పుడైతే అది అన్నిటికన్నా ఎక్కువ అవసరమో అప్పుడే.

నీరసం గురించి. పీరియడ్స్ మొదలయ్యాయంటే ముందు హిమోగ్లోబిన్ చూపించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత అని తేలింది, అంటే పదిమందిలో ఆరుగురు. పాప వయసుకి 12 గ్రాములు ఉండాలి. తక్కువ ఉంటే ఆట వల్ల నీరసం కాదు, రక్తం లేక నీరసం, అప్పుడు ఆట మానిపిస్తే ఇంట్లో కూడా నీరసంగానే ఉంటుంది. గవర్నమెంట్ స్కూళ్ళలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు దీనికే, పిల్లలు కిటికీలోంచి పారేస్తారు, అది వేరే కథ. రాగిజావ మంచిదే, వాళ్ళమ్మకి నా ఓటు కూడా కలపండి, కానీ దానితోపాటు గుడ్డు, పప్పు, ఆకుకూర ఉండాలి. జావ తాగిన వెంటనే టీ కాఫీ ఇవ్వకండి, ఐరన్ ఒంటికి పట్టదు.

మెసానికల్_మురళి:

మేడమ్ పదకొండు మంది ఎదురుచూస్తారన్న మాట బాగుంది. మావాడి అకాడమీలో అదే లేదు, ఎవడి నెట్టు వాడిది, ఎవడి నాయన వాడి వెనక. ఇప్పుడు ఆలోచిస్తే నేను వాడిని టీమ్‌లో వేయలేదు, కోచింగ్‌లో వేశా. సరే.

ఖో_శైలు:

ఈ థ్రెడ్ మా ఫ్రెండ్ పంపింది, లాగిన్ పాస్‌వర్డ్ మర్చిపోయి కొత్త ఐడీ పెట్టుకుని మరీ రాస్తా ఉండా. నేను పుత్తూరు దగ్గర పల్లె, ఇప్పుడు బెంగళూరులో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, 27 ఏళ్ళు. ఆరు నుంచి టెన్త్ దాకా ఖోఖో. జిల్లాకి ఆడినా, స్టేట్‌కి స్టాండ్ బై, అంటే బెంచీ మీద కూర్చుని నీళ్ళు అందించి వచ్చినా. సర్టిఫికెట్ ఎక్కడుందో మా అమ్మకే తెలియాల. ఉద్యోగానికి ఒక్క మార్కు కలవలా. అన్నా నువ్వు అడిగింది నా లాంటోళ్ళనే కదా.

మా ఊర్లో అప్పుడు ఆడపిల్ల ఒక్కటే బస్సెక్కి తిరుపతి పోవడం లేదు. నేను పన్నెండేళ్ళకి టీమ్‌తో పోయినా. సెలెక్షన్స్ బ్రహ్మోత్సవాల టైమ్‌లోనే పడతాయి ఎప్పుడూ, బస్సులన్నీ కొండకి పోతాయి, బస్టాండ్‌లో మూడు గంటలు నిలబడి చివరికి కూరగాయల లారీలో వచ్చినాం, మేడమ్ ముందు, మేము పన్నెండు మంది వెనక టమోటా బాక్సుల మీద. ఎక్కడో స్కూల్లో బెంచీలు జరిపి నేల మీద పడుకోవడం, కులం ఏందో తెలీని పిల్ల కంచంలోంచి తినడం, నాకు ఆ వయసులో అది ఎంత పెద్ద సంగతో చెప్పలేను. మా ఇంట్లోవాళ్ళు కొన్ని ఇళ్ళలో నీళ్ళు తాగరు. మా టీమ్‌లో ఒకే బాటిల్.

మొదటిసారి పీరియడ్ నాకు గ్రౌండ్‌లోనే వచ్చింది, మ్యాచ్ రోజు. ఏడ్చినా. మా సీనియర్ అక్క బ్యాగ్‌లోంచి ప్యాడ్ తీసిచ్చి ఎట్ల పెట్టుకోవాలో చెప్పింది, మేడమ్ ఇంకో పిల్లని దింపింది, ఎవరూ ఒక్క మాట అనలా. అదే ఇంట్లో అయ్యుంటే మూలన కూర్చోబెట్టుంటారు. అన్నా మీ అమ్మ వయసొచ్చిన పిల్ల అంటదని రాసినావు, ఆ వయసులో బిడ్డకి ఇట్లాంటి విషయాలు చెప్పే అక్కలు ఉండటం కూడా ఆటలో భాగమే, సిలబస్‌లో ఉండదు.

ఇంటర్‌కి హాస్టల్ కాలేజీలో వేశారు. గ్రౌండ్ లేదు, అసలు నేల కనపడదు, నాలుగో అంతస్తులో క్లాసు, మూడో అంతస్తులో రూము. రెండేళ్ళలో పదకొండు కేజీలు పెరిగినా. అది కాదు బాధ, సాయంత్రం అయిదు అయితే కాళ్ళు గుంజేవి, ఏడుపొచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. చదువు మీద ధ్యాస పెరుగుతుందని మానిపించినారు కదా, ఫస్ట్ ఇయర్‌లో నాకు టెన్త్‌లో కంటే తక్కువ వచ్చినాయి. అందరికీ అట్లే అవుతుందని చెప్పను, మా రూమ్‌లో ఆట అంటే ఏందో తెలీని పిల్ల టాపర్.

ఇప్పుడు నైట్ డ్యూటీలో ఒక్కోసారి ముగ్గురు పేషెంట్లకి ఒకేసారి సీరియస్ అవుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు అన్నీ వాళ్ళే చేయాలని పరిగెత్తి, ఎవరినీ పిలవరు, అడగడానికి మొహమాటం. నాకు ఆ మొహమాటం లేదు. అరిచి పిలుస్తా, పని అప్పజెప్పి పక్కకి జరుగుతా. మా సిస్టర్ ఇంఛార్జ్ ఒకసారి ఎక్కడ నేర్చుకున్నావ్ అని అడిగింది, ఖోఖోలో అంటే నవ్వింది. జోక్ అనుకునింది.

2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో వరల్డ్ కప్ జరిగింది చూశారా ఎవరన్నా, మన ఆడపిల్లలు మగపిల్లలు ఇద్దరూ ఫైనల్లో నేపాల్ మీద గెలిచినారు. నేను హాస్టల్ రూమ్‌లో ఫోన్‌లో చూస్తా పెద్దగా "ఖో" అని అరిస్తే పక్క రూమ్ మలయాళీ అమ్మాయి తలుపు కొట్టింది.

కోటా_కుమార్:

అక్కా లారీ కథ సూపర్. నేను సర్టిఫికెట్ గురించి రాసింది వెనక్కి తీసుకోను గానీ, లామినేషన్ తర్వాత చేయించొచ్చులే.

చంద్రగిరి_పీఈటీ:

శైలమ్మా, ఆ టమోటా లారీ మా టీమ్ కూడా ఒక ఏడాది ఎక్కింది తల్లీ. ఇప్పుడు పర్మిషన్లు, పేరెంట్ సంతకాలు, ఎస్కార్టు లేడీ టీచర్ అని పద్ధతులు వచ్చినాయి, మంచిదే. రేణిగుంట సార్, బయటి ఊరు పంపేటప్పుడు ఆడపిల్లల టీమ్ వెంట ఆడ టీచర్ పోతా ఉందా, ఎక్కడ పడుకోబెడతారు, బాత్రూములు ఉన్నాయా, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. అడిగితే కోచ్ ఏమన్నా అనుకుంటాడేమో అని తల్లిదండ్రులు ఊరుకుంటారు. మంచి కోచ్ ఏమీ అనుకోడు, అనుకునేవాడి దగ్గరికి పంపనే వద్దు.

స్కూల్ ఫౌండేషన్ సంగతి కూడా ఒక మాట. 9వ తరగతిలో పొద్దున స్టడీ అవర్ కంపల్సరీనా, రాసి ఇమ్మని అడగండి. నోటితో కంపల్సరీ అనేవి రాసిమ్మంటే సగం ఆప్షనల్ అయిపోతాయి.

రేణిగుంట_నాన్న:

అందరికీ పేరు పేరునా థాంక్స్, పది రోజులు ఆలస్యంగా రాస్తా ఉన్నా, షాపులో స్టాక్ పని పడింది.

డాక్టర్‌కి చూపించినాం. ఫిజియో మేడమ్ చెప్పిందే, మోకాలి కింద అదే సమస్య అన్నారు. మూడు వారాలు దూకడం, గొంతుకూర్చోవడం వద్దు, ఎక్సర్‌సైజులు రాసిచ్చారు. హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. సిగ్గేసింది నాకు, ఇన్నాళ్ళు బిడ్డ నీరసంగా ఉందంటే ఆట మీద వేసినా. మాత్రలు మొదలుపెట్టినాం, కాఫీ బంద్, దానికి నా మీద కోపంగా ఉంది.

పీఈటీ మేడమ్‌తో మాట్లాడినా. ఆమెకి కూడా స్కూల్ వాళ్ళ ఒత్తిడి ఉందంట, ట్రోఫీ కావాలంటారు గానీ టైమ్ ఇవ్వరు, అందుకే రెండు పూటలా లాగుతా ఉందంట. పొద్దున పూట మానేసి సాయంత్రం మాత్రం, వారానికి అయిదు రోజులు, ఆదివారం సెలవు అని ఒప్పుకునింది. స్కూల్లో పీఈటీ సార్ చెప్పినట్టు రాసిమ్మని అడిగినా. ప్రిన్సిపాల్ గారు మొహం అదోలా పెట్టి, ఫౌండేషన్ సెక్షన్‌లో అయితే కుదరదు, మామూలు సెక్షన్‌లో ఉంటే ఇబ్బంది లేదు అన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్తే, "మామూలు సెక్షన్‌లో మామూలుగా చదువుకుంటుంది, ఏమైంది" అంది. రెండేళ్ళలో ఈ విషయం మీద ఆమె మాట్లాడిన మొదటి మాట అది. అంతే, మామూలు సెక్షన్.

మా అమ్మకి శైలమ్మ రాసింది చదివి వినిపించినా. గ్రౌండ్‌లో ప్యాడ్ ఇచ్చిన అక్క దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకునింది, ఏమీ అనలా, కాసేపటికి "నిక్కరు మోకాళ్ళ కిందికి ఉండేది కొను" అనింది. మా అత్త ఇంకా నల్లబడటం దగ్గరే ఉంది.

పాప మాత్రం మూడు వారాలు ఆడకూడదంటే ఏడ్చి, ఇప్పుడు రోజూ గ్రౌండ్‌కి పోయి అంచున కూర్చుని స్కోరు రాస్తా ఉంది. మేడమ్ ఆ పని అప్పజెప్పిందంట.

ఒక చిన్న డౌటు, మోకాలికి వేసుకునే మంచి ప్యాడ్లు తిరుపతిలో ఎక్కడ దొరుకుతాయి? నేను తెచ్చినవి రెండు రోజులకే జారిపోతా ఉన్నాయి.

మెసానికల్_మురళి:

మావాడివి కొత్తవి ఉన్నాయి, వాడింది లేదు. సైజు సరిపోతుందో లేదో తెలీదు. అడ్రస్ మెసేజ్ పెట్టు, గురువారం తిరుపతి వస్తా ఉన్నా. సరిపోకపోతే చెన్నై పోయేవాళ్ళు ఎవరన్నా ఉంటే సప్తగిరి రైల్లో పోయి సెంట్రల్‌లో దిగి పెరియమేడులో చూడమను, ఆడ వరసగా స్పోర్ట్స్ షాపులే.